బోనస్ చేతికి రాకముందే వేసుకోవలసిన లెక్క

"బోనస్ లక్షా ఎనభై వేలన్నారు. ఖాతాలో లక్షా యాభై రెండు వేలు కూడా నిండలేదు. మిగతా డబ్బు ఏమైంది?"

దసరా ముందు హైదరాబాద్ శివార్లలోని తుర్కపల్లి నుంచి అల్వాల్ వైపు, కొంపల్లి వైపు వెళ్లే స్టాఫ్ బస్సుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. అడిగేవాళ్లు లెక్కలు రానివాళ్లు కారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లు. ల్యాబ్‌లో ఒక దశాంశం తేడా వస్తే బ్యాచ్ మొత్తం ఆపించేంత నిక్కచ్చి మనుషులు. తమ పే స్లిప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ట్యాక్స్ కట్ చేశారట" అని ఊరుకుంటారు. ఊరుకోవలసిన పని లేదు. ఐదో తరగతి గుణకారం వచ్చినవాళ్లెవరైనా ఈ లెక్క వేసుకోగలరు. వేసుకున్నవాళ్లకు బోనస్ నెలలో గుండె ఝల్లుమనదు.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ ఒకే ప్రహరీ లోపల మూడు రకాల బోనస్‌లు నడుస్తాయి. శామీర్‌పేట మండలంలోని జీనోమ్ వ్యాలీలో టీకాలు, మందులు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ ఉన్నది కూడా ఇక్కడే. మేడ్చల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి పొడుగునా ఫ్యాక్టరీలు, గోదాములు, గుండ్లపోచంపల్లిలో అపారెల్ పార్కు. వీటిలో మేనేజర్‌కు పనితీరు రేటింగ్‌ను బట్టి వేరియబుల్ పే వస్తుంది. పర్మినెంట్ కార్మికుడికి పండగ బోనస్ వస్తుంది. కాంట్రాక్టర్ కింద పనిచేసే మనిషికి చట్టం చెప్పిన కనీస బోనస్ వస్తుంది, వస్తే. ముగ్గురికీ ఒకే పన్ను చట్టం. ఫలితాలు మాత్రం ముగ్గురికీ వేర్వేరు.

బోనస్‌కు విడిగా పన్ను రేటు లేదు

ఈ అధ్యాయంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. లాటరీ గెలిస్తే 30 శాతం అన్నట్టుగా బోనస్‌కు ఒక ప్రత్యేక రేటు ఏ చట్టంలోనూ లేదు. బోనస్ జీతంలో భాగం. ఏప్రిల్ నుంచి మార్చి దాకా వచ్చిన జీతం, బోనస్, ఇన్సెంటివ్, ఎరియర్స్ అన్నీ కలిపి ఒక్క మొత్తం చేస్తారు. ఆ మొత్తానికి ఏడాదికి ఒక్క పన్ను.

బోనస్‌ను జీతంగా చూడడం వెనక పాత చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బొంబాయి బట్టల మిల్లుల్లో ధరల భారం తట్టుకోవడానికి బోనస్ ఇవ్వడం మొదలైంది. అది యజమాని దయా, కార్మికుడి హక్కా అన్న తగువు దశాబ్దాలపాటు కోర్టుల్లో నలిగింది. 1961లో కేంద్రం మెహర్ అధ్యక్షతన బోనస్ కమిషన్ వేసింది. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం ఇవ్వాలన్న నియమం తర్వాతి సవరణలతో స్థిరపడింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది. ఆ రెండు శాతాలూ అలాగే ఉన్నాయి. హక్కుగా వచ్చే డబ్బు కనుక అది వేతనం. వేతనం కనుక పన్ను లెక్కలోకి వస్తుంది. రెండో సగం మనకు నచ్చకపోవచ్చు, కానీ మొదటి సగం కోసం ఎందరో పోరాడారు.

కట్ చేసే బాధ్యత యజమానిది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 192వ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025లో ఇదే విషయం 392వ సెక్షన్ కిందికి వచ్చింది. నంబరు మారింది, పద్ధతి మారలేదు. ఉద్యోగికి ఏడాదిలో ఎంత ఆదాయం వస్తుందో యజమాని అంచనా వేయాలి. దాని మీద పన్ను లెక్కకట్టి నెలనెలా జీతంలోంచి పట్టుకోవాలి. మధ్యలో అంచనా మారితే, తక్కువ పట్టినది తర్వాతి నెలల్లో ఎక్కువ పట్టుకోవచ్చు, ఎక్కువ పట్టినది తగ్గించుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటును బాగా గుర్తుంచుకోండి. బోనస్ నెలలో జరిగే తతంగమంతా దానిలోంచే పుడుతుంది.

లెక్క చేసి చూద్దాం

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో స్లాబులు ఇవి. 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30 శాతం. జీతగాళ్లకు ముందే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు. తీసేశాక 12 లక్షలు దాటకపోతే 87ఏ రిబేటు వల్ల పన్ను సున్నా. వచ్చిన పన్ను మీద 4 శాతం సెస్సు కలుస్తుంది.

తుర్కపల్లిలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో సీనియర్‌గా పనిచేసే ఒక ఉద్యోగిని తీసుకుందాం. నెలకు 1,20,000 జీతం, ఏడాదికి 14,40,000. బోనస్ లేకపోతే 75,000 తీసేసి మిగిలిన 13,65,000 మీద పన్ను లెక్కిస్తారు. మొదటి 12 లక్షలకు 60,000, మిగతా 1,65,000కు 15 శాతం చొప్పున 24,750. సెస్సుతో కలిపి ఏడాదికి 88,140. నెలకు 7,345 చొప్పున ఏప్రిల్ నుంచి పోతూ ఉంటుంది.

అక్టోబర్‌లో 1,80,000 బోనస్ వచ్చింది. ఇప్పుడు పన్ను పడే ఆదాయం 15,45,000. అదే పద్ధతిలో లెక్కేస్తే సెస్సుతో సహా 1,16,220. తేడా 28,080. అంటే బోనస్‌లో 15.6 శాతం. ఆమె ఉన్న స్లాబు రేటు 15, దాని మీద సెస్సు, అంతే. ఇందులో రహస్యం ఏమీ లేదు.

ఆ 28,080ని ఎప్పుడు పట్టుకుంటారన్నదే కంపెనీకీ కంపెనీకీ మారుతుంది. ఒక కంపెనీ అక్టోబర్‌లోనే మొత్తం పట్టుకుంటుంది. బోనస్‌లో చేతికి వచ్చేది 1,51,920, నెల జీతం మాత్రం మారదు. ఇంకో కంపెనీ దాన్ని అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలకు పంచుతుంది. బోనస్ నిండుగా కనిపిస్తుంది కానీ నెలనెలా కటింగ్ 7,345 నుంచి 12,025కి పెరుగుతుంది. మూడో కంపెనీ ఏప్రిల్‌లోనే బోనస్‌ను అంచనాలో కలిపేసి మొదటి నెల నుంచి 9,685 పట్టుకుంటుంది. మార్చి 31 నాటికి మూడుచోట్లా కట్టిన పన్ను ఒకటే. ఒక్క రూపాయి కూడా తేడా ఉండదు.

అందుకే పక్క కంపెనీలో పనిచేసే స్నేహితుడు "మా దగ్గర బోనస్‌లో ట్యాక్సే కట్ చేయరు" అంటే ఆశ్చర్యపోకండి. అతని జీతంలోంచి నెమ్మదిగా పోతూ ఉంటుంది. మీ బోనస్ మార్చిలో వచ్చేదైతే పంచడానికి నెలలు మిగలవు. మొత్తం ఆ ఒక్క నెలలోనే పోతుంది. ఏడాది చివర బోనస్ ఇచ్చే సంస్థల్లో మార్చి జీతం చూసి ఉద్యోగులు కంగారుపడేది ఇందుకే.

అరుదుగా నిజమైన పొరపాటూ జరుగుతుంది. ఒక్కసారి ఇచ్చిన బోనస్‌ను పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతినెలా వచ్చే ఆదాయంగా నమోదు చేస్తే, ఏడాది ఆదాయం ఉబ్బిపోయి కటింగ్ విపరీతంగా ఉంటుంది. పైన చెప్పినట్టు మీ లెక్క మీరు వేసుకుని ఉంటే దాన్ని ఆ రోజే పట్టుకోగలరు. హెచ్ఆర్‌కు చెబితే తర్వాతి నెలల్లో సర్దుతారు. సర్దకపోయినా రిటర్న్ వేసినప్పుడు రిఫండ్ వస్తుంది.

12,75,000 దగ్గర జాగ్రత్త

జీనోమ్ వ్యాలీలో పది, పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లలో చాలామంది జీతం 12, 13 లక్షల దగ్గర ఉంటుంది. ఈ భాగాన్ని వాళ్లు రెండుసార్లు చదవాలి.

ఒకాయనకు ఏడాది జీతం 12,60,000. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 12 లక్షల లోపే ఉంటాడు కనుక పన్ను సున్నా. నెలనెలా ఒక్క పైసా కటింగ్ లేదు. ఆయనకు 60,000 బోనస్ వచ్చింది. మొత్తం 13,20,000, పన్ను పడే ఆదాయం 12,45,000. స్లాబుల ప్రకారం పన్ను 66,750. రిబేటు పోయింది. చట్టం ఇక్కడ కొంచెం కనికరించి మార్జినల్ రిలీఫ్ ఇస్తుంది. 12 లక్షలకు పైన ఎంత వచ్చిందో అంతకు మించి పన్ను పట్టరు. పైన వచ్చింది 45,000 కనుక పన్ను 45,000. సెస్సుతో 46,800.

అరవై వేల బోనస్‌లో ఆయన చేతికి మిగిలింది 13,200. ఇది తప్పు లెక్క కాదు, మోసం కాదు, హెచ్ఆర్ కక్ష కాదు. చట్టమే అలా ఉంది. ఏడాది మొత్తం జీతం 12,75,000కూ, సుమారు 13,45,000కూ మధ్య ఉన్న ఇరుకు సందులో ప్రతి అదనపు రూపాయికీ రూపాయి పన్ను, దానిపైన నాలుగు పైసల సెస్సు పోతుంది. సరిగ్గా 12,75,000 తీసుకున్న సహోద్యోగి ఇంటికి తీసుకెళ్లేది, 13,20,000 తీసుకున్న ఈయన తీసుకెళ్లే దానికంటే ఎక్కువ. కష్టపడి మంచి రేటింగ్ తెచ్చుకున్న మనిషికి ఇది ఎంత బాధో ఊహించుకోవచ్చు. నా అభిప్రాయంలో ఈ పన్ను విధానంలో ఉద్యోగిని అన్నిటికంటే ఎక్కువగా నొప్పించే చోటు ఇదే.

దీనికి చట్టబద్ధమైన దారి ఒకటి ఉంది. చాలామంది అడగరు కాబట్టి వాడరు. యజమాని మీ ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఖాతాలో జమచేసే మొత్తానికి, బేసిక్ జీతంలో 14 శాతం దాకా, కొత్త విధానంలో కూడా మినహాయింపు ఉంది. పైన చెప్పిన ఆయన తన జీతంలో 45,000ను యజమాని తరఫు ఎన్‌పీఎస్ వాటాగా మార్పించుకుంటే పన్ను పడే ఆదాయం సరిగ్గా 12 లక్షలకు దిగి, పన్ను సున్నా అవుతుంది. 46,800 మిగులుతుంది. ఆ 45,000 కూడా పోదు, ఆయన పేరు మీద రిటైర్మెంట్ ఖాతాలో ఉంటుంది. అయితే ఇది సొంతంగా మీరు కట్టే ఎన్‌పీఎస్‌కు వర్తించదు, యజమాని జమచేయాలి. అందుకు జీతం నిర్మాణం మార్చాలి. ఏడాది మొదట్లో అడిగితే అవుతుంది, బోనస్ ఖాతాలో పడ్డాక అడిగితే కాదు.

ఈ బాధ మేడ్చల్ జిల్లాది మాత్రమే కాదు. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి పట్టుకుని ఉత్తరానికి వెళ్తే గోదావరిఖని వస్తుంది. సింగరేణిలో ఏటా లాభాల వాటా ప్రకటన పెద్ద వార్త. 2024లో 33 శాతం వాటాగా 796 కోట్లు ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 ఇచ్చారు. గని కార్మికులకు ఆదాయపు పన్ను రద్దు చేయాలన్న డిమాండ్ అక్కడ ఏళ్లుగా ఉంది. ఎందుకుందో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. ఏడాదికి 12 లక్షల జీతం ఉన్న మనిషికి 1,90,000 వాటా కలిస్తే, 2025-26 స్లాబుల్లో సున్నా పన్ను కాస్తా 80,340 అవుతుంది. "బోనస్‌లో సగం గవర్నమెంటే తీసుకుంది" అన్న మాట పూర్తిగా కోపంతో అన్నది కాదు.

ఇంట్లో ఏ అంకె చెబుతున్నారు?

డబ్బు విషయంలో క్రమశిక్షణ అంటే ముందుగా ఒక్క అలవాటు. బోనస్ లెటర్‌లో ఉన్న అంకెను ఎవరికీ చెప్పకండి. పన్ను పోను చేతికి వచ్చే అంకె చెప్పండి.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక వెంచర్లు ఎన్ని లేచాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. బోనస్ వస్తుందన్న మాట వినగానే ప్లాటుకు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తాం. "మిగతాది దసరాకు సర్దుతాను" అని మాట ఇస్తాం. ఆ మాట 1,80,000 మీద ఇచ్చాం, ఖాతాలో 1,51,920 పడింది. 28 వేల కోసం క్రెడిట్ కార్డు గీకుతాం, లేదా స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుంటాం. పండగ ముందు ఇంట్లో మాటలు పెరుగుతాయి. అమ్మ "అన్నయ్యకు ఇస్తానన్నావు గదరా" అంటుంది. భార్య బంగారం చిట్టీ గుర్తుచేస్తుంది. ఈ గొడవలకు మూలం పన్ను కాదు, తప్పు అంకె చెప్పడం. నెల ముందు ఈ లెక్క వేసుకుని "మనకు వచ్చేది లక్షా యాభై" అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్న దంపతులకు ఆ పండగ ప్రశాంతంగా గడుస్తుంది.

మార్చిలో పన్ను తప్పించుకోవాలని హడావిడిగా బీమా పాలసీలు తీసుకునేవాళ్లకు ఒక మాట. 2023-24 నుంచి మీరేమీ చెప్పకపోతే వర్తించేది కొత్త విధానం. అందులో 80సీ మినహాయింపు లేదు. కొత్త విధానంలో ఉండి బోనస్ డబ్బుతో పన్ను కోసమని పాలసీ కడితే, పాలసీ మిగులుతుంది, పన్ను తగ్గదు. మీకు ఇంటి లోన్ వడ్డీ, పెద్ద హెచ్ఆర్ఏ, 80సీ అన్నీ ఉన్నాయనుకుంటే రెండు విధానాల్లోనూ లెక్క వేయించి చూసుకోండి. జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివాళ్లు, గడువులోగా రిటర్న్ వేస్తే, ఆ సమయంలో కూడా విధానం మార్చుకోవచ్చు.

హెచ్ఆర్‌ను అడగడం తప్పు కాదు

మనవాళ్లకు ఇక్కడ ఒక బిడియం ఉంది. జీతం గురించి అడిగితే అత్యాశ అనుకుంటారని, లెక్క అడిగితే అనుమానించినట్టు అవుతుందని. మీ జీతంలోంచి పట్టుకున్న డబ్బుకు లెక్క అడగడం మీ హక్కు. మర్యాదగా, స్పష్టంగా అడగండి. "సార్, ఈ ఏడాది నా ట్యాక్స్ కంప్యూటేషన్ షీట్ ఒకసారి పంపిస్తారా? బోనస్ అందులో కలిపారో లేదో, ట్యాక్స్ ఒకేసారి పట్టుకుంటారో నెలలకు పంచుతారో తెలిస్తే నేను ఖర్చులు సర్దుకుంటాను" అని ఒక మెయిల్ పెట్టండి. ఏ పేరోల్ విభాగమైనా నిమిషంలో తీసి ఇచ్చే కాగితం అది. కోపంగా బోనస్ పడిన రోజు సాయంత్రం వెళ్లేకంటే ఏప్రిల్‌లో ఒకసారి, బోనస్‌కు ముందు నెలలో ఒకసారి అడగడం మేలు.

ఉద్యోగం మారినవాళ్లు మాత్రం అడగడంతో ఆగకూడదు, చెప్పాలి కూడా. జీనోమ్ వ్యాలీలో ఒక గేటు నుంచి పక్క గేటుకు మారడం మామూలే. మొదటి ఆరు నెలలు ఒకచోట నెలకు 90,000 చొప్పున 5,40,000 తీసుకున్నారు. తర్వాతి ఆరు నెలలు కొత్త సంస్థలో 1,30,000 చొప్పున 7,80,000, జాయినింగ్ బోనస్ మరో లక్ష. రెండు సంస్థలూ ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటే ఎవరి దగ్గరా 12,75,000 దాటలేదు. ఎవరూ రూపాయి పట్టుకోలేదు. మీరు సంతోషంగా ఉన్నారు. జూలైలో రిటర్న్ వేయబోతే మొత్తం 14,20,000 అని తేలుతుంది, కట్టవలసిన పన్ను 85,020. పైగా ముందుగా కట్టనందుకు నెలకు 1 శాతం చొప్పున వడ్డీ. కొత్త సంస్థలో చేరిన వారంలోనే పాత జీతం, పాత కటింగ్ వివరాలు ఫారం 12బీలో ఇస్తే ఈ దెబ్బ ఒక్కసారిగా పడదు.

జాయినింగ్ బోనస్ తీసుకునేవాళ్లు ఆఫర్ లెటర్‌లో ఇంకో వాక్యం వెతకాలి. ఏడాదిలోగా మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉంటుంది. తిరిగి కట్టవలసింది పన్నుకు ముందు అంకెనా, చేతికి వచ్చిన అంకెనా? లక్షకు 84 వేలు తీసుకుని లక్ష తిరిగి కట్టవలసి రావడం చిన్న విషయం కాదు. సంతకానికి ముందే అడిగి రాయించుకోండి.

గత సంవత్సరాలకు చెందిన బోనస్ బకాయిలు, వివాదం తీరాక ఒకేసారి వస్తే, ఈ ఏడాది ఆదాయం ఎక్కువై పన్ను పెరుగుతుంది. అలాంటప్పుడు 1961 చట్టం 89వ సెక్షన్ కింద ఊరట ఉంది. రిటర్న్ వేయకముందే పోర్టల్‌లో ఫారం 10ఈ దాఖలు చేయాలి. దాఖలు చేయకుండా ఊరట కోరితే తిరస్కరిస్తారు.

పీఎఫ్ గురించి తరచూ అడుగుతారు. చట్టం ప్రకారం ఇచ్చే బోనస్ మీద పీఎఫ్ పట్టరు. వృత్తి పన్ను తెలంగాణలో 20,000 దాటిన జీతానికి నెలకు 200 మాత్రమే, బోనస్ వచ్చిందని అది పెరగదు.

చిన్న బోనస్, పెద్ద అన్యాయం

బోనస్ చట్టం కింద కనీస బోనస్ నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు వర్తించింది. ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసి ఉంటే చాలు. 8.33 శాతం అంటే పన్నెండో వంతు. లెక్కకు తీసుకున్న వేతనంలో సుమారు ఒక నెల మొత్తం. నెలకు 21,000 అంటే ఏడాదికి 2,52,000. బోనస్ కలిపినా 4 లక్షలకు ఎంతో దూరం. ఈ మనిషి బోనస్‌లోంచి ఆదాయపు పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా కట్ కాకూడదు.

అయినా కొందరి స్లిప్పుల్లో టీడీఎస్ (మూలంలోనే పట్టే పన్ను) అని ఒక గీత కనిపిస్తుంది. ఆ మనిషిని ఉద్యోగిగా చూపకుండా సేవలు అందించేవాడిగా, కాంట్రాక్టరుగా రాసి 1 శాతమో 10 శాతమో పట్టుకున్న సందర్భాలు ఉంటాయి. పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో అనుసంధానం కాక పాన్ నిద్రాణమైపోయినా అలాంటి చెల్లింపుల మీద 20 శాతం దాకా పట్టుకుంటారు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి మేడ్చల్ షెడ్లలో పనిచేసే కుర్రాడికి తన డబ్బు ఎక్కడికి పోయిందో తెలియదు. అది పోయిన డబ్బు కాదు. పన్ను పడని ఆదాయం కనుక, పాన్ సరిచేసుకుని రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది.

పట్టుకున్న పన్నును యజమాని తర్వాతి నెల 7వ తేదీలోగా ప్రభుత్వానికి జమ చేయాలి, మార్చి నెలదైతే ఏప్రిల్ 30లోగా. జమ అయిందా లేదా అన్నది పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ చూస్తే తెలుస్తుంది. మూడు నెలలకోసారి యజమాని టీడీఎస్ రిటర్న్ వేశాక అందులో పేరు కనిపిస్తుంది. స్లిప్‌లో కట్ అయి 26ఏఎస్‌లో కనిపించకపోతే రాతపూర్వకంగా అడగండి, స్లిప్పులు దాచుకోండి. జీతంలోంచి ఒకసారి పట్టుకున్న పన్నును, యజమాని జమచేయలేదన్న కారణంతో ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయకూడదని 1961 చట్టం 205వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. యజమాని తప్పుకు కార్మికుడు రెండుసార్లు కట్టనక్కర్లేదు.

ఫారం 16 ఇవ్వడానికి యజమానికి జూన్ 15 దాకా గడువు. జీతగాళ్లు రిటర్న్ వేయడానికి మామూలు గడువు జూలై 31. అది దాటినా డిసెంబర్ 31 దాకా ఆలస్యపు రిటర్న్ వేయవచ్చు. ఈ పనికి డబ్బు తీసుకునే మనిషి అవసరం లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఓటీపీ వచ్చే ఫోన్ ఉంటే చాలు.

ఈ పుస్తకం చదువుతున్న మీకు పోర్టల్ తెరవడం వచ్చు. మీ లైన్‌లో మీతోపాటు షిఫ్టు చేసే హెల్పర్‌కు రాదు. ఈసారి మీ 26ఏఎస్ చూసుకున్న రోజున, అతని పాన్ తెచ్చుకోమని చెప్పి అతనిది కూడా తెరిచి చూపించండి. వెనక్కి రావలసిన డబ్బు ఉంటే పక్కన కూర్చుని రిటర్న్ వేయించండి. అతనికి అది ఒక నెల ఇంటి అద్దె.